ఊయల తాడు 38 వేల అడుగులు నడిచింది

ఇప్పుడే, రాత్రి పదకొండున్నరకి, మేం తయారుచేసిన నడక గేమ్‌లో ఈ వారం విజేత తేలాడు. మా బావ. ఒక్కరోజులో 38,412 అడుగులు. టీవీ రిమోట్ అందుకోడానికి కూడా వంటింట్లో ఉన్న మా అక్కని పిలిచే మనిషి! అనుమానమొచ్చి ఫోన్ చేశాను. దాచనైనా దాచలేదు, ఘనకార్యంలా చెప్పాడు. "పిల్లాడి ఊయల తాడుకి బ్యాండ్ కట్టాను రా బామ్మర్దీ. వాడు పడుకున్నాడు, నా కోట లేచింది."

కోట సంగతి తెలియనివాళ్లకి: నేనూ నా ఫ్రెండూ శని, ఆదివారాలు మానుకుని పద్నాలుగు నెలలుగా తయారుచేస్తున్న మొబైల్ గేమ్ అది. చేతికి కట్టుకున్న వాచీ గానీ బ్యాండ్ గానీ లెక్కపెట్టిన అడుగులు రాళ్లవుతాయి, రాళ్లతో కోట కట్టుకోవాలి. గుండె వేగం పెరిగేలా నడిస్తే గుర్రాలొస్తాయి. వినడానికి ఎంత బాగుందో కదా. చుట్టాలూ స్నేహితులూ కలిపి ఓ ఇరవై మందికి ఇచ్చి ఆడమన్నాం.

అసలు మొదలుపెట్టింది మా అమ్మ కోసం. ఆవిడకి షుగర్. పొద్దున్న ఐదున్నరకే డాబా మీద గంటసేపు నడుస్తుంది, చేతులు వెనక్కి కట్టుకుని. ఆ తరం వాళ్లంతా అలాగే నడుస్తారు, మీ ఇంట్లో పెద్దవాళ్లని గమనించండి. వాచీకి కాలు కనపడదు కదా, దానికి తెలిసింది చెయ్యి ఊపు ఒక్కటే. అందుకని అమ్మ గంట నడక దాని లెక్కలో 600 అడుగులు. తర్వాత స్నానం, పూజ, వంట. అంతసేపూ వాచీ ఫ్రిజ్ మీద ఉంటుంది. పెట్టుకున్నప్పుడు కూడా గాజుల మధ్య ఎక్కడో వేలాడుతుంది. వెనక పచ్చ లైటు చర్మానికి ఆనితేనే కదా నాడి దొరికేది! గాజులు తియ్యమని మీ అమ్మకి చెప్పి చూడండి. నేను చెప్పాను. ఆ రోజు జరిగింది ఇక్కడ రాయను.

దొంగల్ని పట్టుకునే రూల్స్ పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టాం సార్. ఫోన్‌లో ఆరోగ్యం లెక్కలన్నీ ఒకచోట దాచే ఆండ్రాయిడ్ హెల్త్ కనెక్ట్, చేత్తో టైపు చేసిన అడుగులకి విడిగా గుర్తు వేసి ఇస్తుంది, వాటిని తీసి పక్కన పడేశాం. ఊయల ఊపిన అడుగులకి ఏ గుర్తూ ఉండదు. పోనీ గుండె స్పందన చూద్దామంటే ఊయల తాడుకి 78 చూపించింది! లైటు వేసి, తిరిగొచ్చే వెలుతురులో ఎగుడుదిగుళ్లు లెక్కపెట్టుకునే యంత్రం అది. లయగా ఊగేదేదైనా దానికి ప్రాణమున్నట్టే. జీపీఎస్‌లో మనిషి కదిలాడో లేదో చూద్దామని ఆ రూల్ పెట్టాం. ఎవరు దొరికారో తెలుసా? అమ్మ. ఇరవై అడుగుల డాబా మీద ఎన్ని చుట్లు తిరిగినా శాటిలైట్‌కి ఆవిడ నిలబడ్డచోటే ఉంది. "మీ నడక అనుమానాస్పదంగా ఉంది" అని మా గేమ్ మా అమ్మకి మెసేజ్ పంపింది. ఆ వాక్యం రాసింది నేనే.

ఇది మాకొక్కళ్లకే వచ్చిన కష్టం కూడా కాదు. 2016లో పోకెమాన్ గో అని, వీధుల్లో తిరుగుతూ ఫోన్‌లో బొమ్మ జంతువుల్ని పట్టుకునే ఆట వచ్చింది. వాళ్లు గుడ్డు పొదగాలంటే 2, 5, 10 కిలోమీటర్లు నడవాలంటే, గిర్రున తిరిగే రికార్డు ప్లేయర్ మీద ఫోన్ పెట్టి పొదిగించిన మహానుభావులున్నారు. కాకపోతే ఆ ఆటలో జనం నిజంగా వీధుల్లోకి వచ్చారు. బొమ్మ కోసం వచ్చారు, బీపీ కోసం కాదు. మనమేమో గేమ్ తెరవగానే డాక్టర్‌లా క్లాసు పీకుతాం.

మొన్న స్టార్టప్‌లకి సలహాలిచ్చే ఒక పెద్దమనిషికి చూపించాం. రెండు నిమిషాలు చూసి, "స్ట్రీక్ పెట్టండి, అంటే రోజూ తెగకుండా ఆడే వరస. ఒక్కరోజు తప్పితే ఏదో ఒకటి పోవాలి. అప్పుడే రోజూ తెరుస్తారు" అన్నాడు. మేమూ బుద్ధిమంతులం కదా, పెట్టేశాం. ఒక్కరోజు నడవకపోతే కోట గోడ కూలుతుంది. పోయిన గురువారం అమ్మకి 101 జ్వరం. రాత్రి పదకొండు నలభైకి హాల్లో చప్పుడైతే లేచాను. చీకట్లో నడుస్తోంది, చేతులు ఊపుతూ. ఏంటమ్మా ఇది అంటే, "నీ కోట పడిపోతుంది కదరా" అంది. నా కోటట!

అప్పట్నుంచి ఆ పెద్దమనిషి మీద కోపంగా ఉంది. నిజం చెప్పాలంటే నా కోపం ఇంకా పాతది. మనకి ఆట అంటే ఏంటో తెలిస్తే కదా ఆట తయారుచేసేది! నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీ నాలుగంతస్తుల బిల్డింగ్. గ్రౌండ్ లేదు. ఉన్న కాస్త సెల్లార్‌లో ప్రిన్సిపాల్ కారు. టైం టేబుల్లో శనివారం గేమ్స్ అని ఉండేది, ఆ గంటకి మ్యాథ్స్ లెక్చరర్ వచ్చేవాడు. ఓసారి కారిడార్‌లో సీసా మూతతో ఫుట్‌బాల్ ఆడామని ఏడుగుర్ని స్టడీ అవర్ అయ్యేదాకా మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. రెండేళ్లు కూర్చోబెట్టి పంపిన ఆ కాలేజీ పూర్వవిద్యార్థుల గ్రూపులో నిన్న ఏం పెట్టారో తెలుసా? స్టెప్స్ ఛాలెంజ్! రోజుకి పదివేలు. నలభై దాటకుండానే సగం మందిమి మాత్రలు మింగుతున్నాం, ఇప్పుడు గుర్తొచ్చింది వీళ్లకి.

ఆ పదివేలు కూడా జనంలో పాకింది ఒక మీటరు పేరుతోనే. 1965లో జపాన్‌లో యమసా అనే కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మింది. దాని పేరు మాన్పో-కేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. అరవై ఏళ్లుగా ఒక బ్రాండ్ పేరు వెనకాల నడుస్తున్నాం. అది గ్రూపులో రాస్తే ఒకడు దణ్ణం బొమ్మ పెట్టాడు. ఇంకొకడు గుడ్ మార్నింగ్ అన్నాడు.

సరే, స్ట్రీక్ ఇందాకే పీకేశాను. ఫ్రెండ్‌కి ఇంకా చెప్పలేదు, పొద్దున్న గొడవవుతుంది. జీపీఎస్ రూల్ కూడా పీకేశాను. అంటే ఇప్పుడు బావకి అడ్డే లేదు. మొదటి బహుమతి కిలో ఆత్రేయపురం పూతరేకులు అని ప్రకటించింది మేమే లెండి, ఫిట్‌నెస్ గేమ్‌కి. నవ్వుకోండి. బావ ఇప్పుడే మళ్లీ మెసేజ్ పెట్టాడు, బెల్లంవా పంచదారవా అని.