పాత ఆటల కష్టంలో నేర్పు ఎంత, వ్యాపారం ఎంత?

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో తొంభైల చివర బడికి వెళ్లినవారికి కాంట్రా ఆటను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. టీవీకి తగిలించే చవకరకం వీడియో గేమ్ డబ్బా, దాని నెత్తిన గుచ్చే క్యాసెట్టు, అందులో పేర్లు మార్చి పదేపదే వచ్చే అవే పది పదిహేను ఆటలు ఆ తరానికి బాగా తెలుసు. ఇప్పుడు నలభైకి దగ్గరపడిన వారిలో చాలామంది అవే ఆటలను ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో ఎమ్యులేటర్ (పాత యంత్రంలా నడిచే సాఫ్ట్‌వేర్) సాయంతో మళ్లీ ఆడుతూ, చిన్నప్పుడు చేరుకోలేకపోయిన చివరి స్టేజిని చూడగలుగుతున్నారు. అడుగడుగునా సేవ్ చేసుకుంటూ, చీట్ కోడ్ (ఆటలో అదనపు సాయం తెచ్చే రహస్య బటన్ల వరుస) కొట్టి గెలిస్తే అది గెలుపెలా అవుతుందన్న ఆక్షేపణ కూడా దానితోపాటే వస్తోంది. ఆ కష్టాన్ని ఆటలో ఎవరు, ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా ఈ ఆక్షేపణకు జవాబు చెప్పడం కుదరదని నా అభిప్రాయం.

ఆ కష్టంలో పెద్ద వాటా వ్యాపారానిది. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రానికి, ఆటగాడు ఎంత త్వరగా ఓడితే అంత రాబడి. క్యాప్‌కామ్ సంస్థ 1985లో విడుదల చేసిన ఘోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్‌లో రెండు దెబ్బలు తగిలితే ప్రాణం పోతుంది. అన్నిటినీ దాటి చివరికి చేరినా, అసలు ముగింపు చూడాలంటే మొత్తం ఆటను ఇంకోసారి ఆడి రావాలి. అమెరికాలో ఆటలను అద్దెకు ఇవ్వడం చట్టబద్ధం కావడంతో, ఒక్క వారాంతంలో పూర్తయ్యే ఆటను ఎవరూ కొనరన్న భయం తయారీదారులకు ఉండేది. 1991లో వచ్చిన నింజా గైడెన్ మూడో భాగంలో జపాన్ ఆటగాళ్లు ఓడిన ప్రతిసారీ కొనసాగించుకునే వీలు ఉండగా, అమెరికా క్యాసెట్టులో ఆ అవకాశాన్ని ఐదుసార్లకు కుదించారు. మన ఊళ్లలో గంటకింత అని తీసుకుని ఆడించిన చోట్ల కూడా ఈ లెక్కే నడిచింది: గంట గడిచేసరికి రెండో స్టేజి దాటని పిల్లవాడు మరో గంటకు డబ్బులు తేవాలి. ఇక ఇంట్లో ఆడుకునేవారికి కరెంటు కోత ఒక్కటే చాలు, అప్పటిదాకా ఆడిందంతా మొదటికి వచ్చేది. ఇలాంటి కష్టానికి మనం తలవంచి గౌరవం చూపాల్సిన పని లేదు.

చీట్ కోడ్‌ను ఆటపై బయటివారు చేసిన దాడిగా చూడడం కూడా సరికాదు. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ అన్న ప్రసిద్ధ వరుసను కొనామీ ఉద్యోగి కజుహిసా హషిమోటో 1986లో గ్రాడియస్ ఆటను పరీక్షించేటప్పుడు, అది తనకే కష్టంగా ఉండడంతో పెట్టుకున్నారు. కాంట్రాలో ముప్పై లైఫులు ఇచ్చింది అదే వరుస. సూపర్ మారియో బ్రదర్స్‌లో సైతం ఓడి ఆట ముగిశాక ‘A’ బటన్ నొక్కిపట్టి స్టార్ట్ నొక్కితే, ఓడిన ప్రపంచం మొదటి నుంచే మళ్లీ ఆడవచ్చు. తయారుచేసినవారే వెనుక తలుపు ఒకటి తెరిచి ఉంచారన్నమాట. ఆట స్వభావాన్ని మార్చే గేమ్ జీనీ పరికరంపై దాని అమ్మకందారుకూ నింటెండోకూ నడిచిన కేసులో, 1992లో అమెరికా అప్పీలు కోర్టు పరికరానికి అనుకూలంగానే తీర్పు చెప్పింది.

అయితే కష్టమంతా వ్యాపారం కాదు. అందులో నిజమైన పనితనం ఉన్న భాగం ఎలా ఉంటుందో తెలియాలంటే మొదటి నింజా గైడెన్ ఆరో అంకం చూడాలి. సన్నటి గట్టు మీద నిలబడి ఎదుటి గట్టుకు దూకబోయే సమయానికి పక్షి దూసుకొస్తుంది. అది తగిలితే కథానాయకుడు వెనక్కి ఎగిరి గోతిలో పడతాడు. కంగారుపడి ఒక అడుగు వెనక్కి వేస్తే, అప్పుడే చంపిన శత్రువు మళ్లీ ప్రత్యక్షమవుతాడు. మామూలుగా ఆడేవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. ఎమ్యులేటర్‌లో వేగం తగ్గించి చూస్తే మాత్రం, శత్రువు రాకకు కాలంతో సంబంధం లేదనీ, తెర ఎంత జరిగిందన్నదే దాన్ని నిర్ణయిస్తోందనీ తెలుస్తుంది. ఆ సూత్రం పట్టుబడ్డాక వెనకడుగు వేయకుండా, ఆగకుండా, పక్షి వచ్చే చోటికి ముందే కత్తి దూసి ముందుకు సాగడమే ఆ స్టేజి కోరుకుంటున్న ఆటతీరని అర్థమవుతుంది. ఆ లయను ఎవరో ఎంతో శ్రద్ధతో కూర్చారు. సాయం లేకుండా ఆడినవారిలో ఎక్కువమంది అక్కడిదాకా చేరనేలేదు కనుక, సేవ్ స్టేట్ ఆ పనితనాన్ని దాచిపెట్టిందనడం కన్నా బయటపెట్టిందనడమే న్యాయం.

సేవ్ స్టేట్ అంటే ఆ క్షణాన యంత్రం మెమరీలో ఉన్నదంతా నకలు తీసి ఉంచుకోవడం. నింటెండో పాత యంత్రానికి ప్రధాన మెమరీ రెండు కిలోబైట్లే కాబట్టి ఇది కన్నుమూసి తెరిచేలోగా జరిగిపోతుంది. చిక్కు కూడా ఆ సులువులోనే ఉంది. ప్రతి గెంతు తరవాతా సేవ్ చేస్తూ పోతే వేళ్లకు ఏమీ పట్టుబడదు, పది పొరపాట్లలో ఒక అదృష్టాన్ని అతికించుకుంటూ చివరికి చేరడమే మిగులుతుంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చేరిన పిల్లలు సరళీ స్వరాలను మొదటి కాలంలో సాధన చేసి రెండో కాలానికీ, మూడో కాలానికీ వెళతారు. నెమ్మదిగా పాడినందుకు ఎవరూ వారిని తప్పుపట్టరు, కానీ ముక్కలు ముక్కలుగా పాడి అతికించిన రికార్డును కచేరీ అని కూడా అనరు. వేగం తగ్గించి, కష్టమైన చోటునే మళ్లీ మళ్లీ ఆడి, ఆ తరవాత స్టేజి మొత్తాన్ని అసలు వేగంలో ఒక్క ఊపున దాటడం నా దృష్టిలో నూటికి నూరుపాళ్లు గెలుపే.

ఫోనులో ఆడేవారి విషయం వేరుగా చూడాలి. ఈ ఆటలు సెకనుకు అరవై ఫ్రేములతో, అంటే తెర మీద మారే అరవై బొమ్మలతో నడుస్తాయి. ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లే. పాత పిక్చర్ ట్యూబు టీవీ మీద నొక్కిన బటన్ ఫలితం దాదాపు వెంటనే కనిపించేది. టచ్ తెర మీద వేలికి బటన్ అంచు తగలదు, పైగా స్పందనలో కొన్ని ఫ్రేముల ఆలస్యం చేరుతుంది. అంటే ఎమ్యులేటర్ కొంత సాయం చేస్తూనే మరికొంత కష్టాన్ని తెచ్చిపెడుతోంది. అలాంటి ఆటగాడు నాలుగు సేవ్‌లు ఎక్కువ వాడుకుంటే లోటు పూడ్చుకుంటున్నాడనే అనుకోవాలి.

చట్టం సంగతి మాత్రం స్పష్టం: ఎమ్యులేటర్ వాడకం వేరు, కొనని ఆటను దింపుకోవడం వేరు, రెండోది ఇక్కడా కాపీరైటు ఉల్లంఘనే. కాంట్రా వంటివి కొన్ని సేవ్ సదుపాయంతోనే అధికారికంగా మళ్లీ అమ్మకానికి వచ్చాయి. కానీ అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. కొనాలనుకునేవారికి అమ్మేవారు లేని ఆ పరిస్థితిని సరిదిద్దాల్సింది హక్కుదారులే.

మళ్లీ నింజా గైడెన్ దగ్గరికే వస్తే, ఆరో అంకం చివర ముగ్గురు బాస్‌లు, అంటే పెద్ద శత్రువులు, వరుసగా ఎదురవుతారు. వారిలో ఎవరి చేతిలో ఓడినా ఆట మనల్ని ఆ అంకం ఆరంభానికి నెట్టేస్తుంది. ఒకసారి నేర్పుతో దాటి వచ్చిన దారిని మళ్లీ మళ్లీ నడిపించడం వల్ల కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. అందుకే బాస్ గది వాకిట్లో ఒక్క సేవ్ పెట్టుకోవడం సబబని చెబుతాను. పోరాటం మధ్యలో మాత్రం సేవ్ వద్దు. ఆ ముగ్గురి కదలికలను చదివి, ఉన్న ప్రాణశక్తితోనే వారిని ఓడించాలి.