తాళం వేసింది నేనే

మొన్న వేసవిలో బుచ్చిరెడ్డిపాళెంలో మా నాయనకి కొత్త ల్యాప్‌టాప్ కొనిపించాను. నెల్లూరు షాపులోనే విండోస్ అంతా పెట్టించి ఇంటికి తెచ్చుకున్నాడు. డాలస్‌లో నాకు రాత్రి తొమ్మిది, అక్కడ పొద్దున ఏడున్నర. ఫోన్ వచ్చింది.

"అబ్బాయా, ఇది మన వైఫైకి తగులుకోవడంలా. పాస్‌వర్డ్ కొడితే కాసేపు గుండ్రంగా తిరిగి, కుదర్లేదంటది."

మూడు రాత్రులు ఆయన్ని ఆడించాను. రూటర్ ఆపి వెయ్యమన్నాను. పాస్‌వర్డ్‌లో ఉన్నది ఓనా, సున్నానా అని పదిసార్లు అడిగాను. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మందం గోడలు దాటలేదని, ల్యాప్‌టాప్ పట్టుకొని రూటర్ కిందనే కూర్చోమన్నాను. ఇక్కణ్ణుంచే స్క్రీన్ చూసే యాప్ పెట్టిద్దామనీ అనిపించింది. నెట్టే లేని కంప్యూటర్‌లోకి అమెరికా నుంచి దూరేదెట్టా?

మూడో రాత్రి రూటర్ వెనకున్న చిన్న రీసెట్ బొక్కలో పిన్నీసు పెట్టి నొక్కమన్నాను. ఆ పూట కేబుల్ కుర్రాడు ఇంట్లో ఉండబట్టి బతికిపోయాం. "నొక్కొద్దు సార్, మేం పెట్టిన యూజర్ నేమ్‌తో సహా పోద్ది, ఉన్న నెట్ కూడా ఉండదు" అన్నాడు.

నిజానికి జవాబు మొదటి రోజే దొరకాలి. అదే ల్యాప్‌టాప్ షాపు వైఫైకి తగులుకుంది. అంటే దాంట్లో తప్పు లేదు. ఇంట్లో టీవీ ఆ వైఫైతోనే ఆడుతోంది, కాబట్టి లైన్‌లోనూ తప్పు లేదు. ఇక తేల్చాల్సింది ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య తగువే. "మీ ఫోన్లకి నెట్ వస్తోందా?" అని అడిగాను గానీ, "అందరి ఫోన్లకీ వస్తోందా?" అని అడగలేదు. ఆ మాట వెనక నుంచి అమ్మ అనింది: "ఉగాదికి వచ్చినప్పుడు నీ చెల్లెలి పిల్లల ఫోన్లకి కూడా రాలేదురా. లైన్ బాగలేదేమో అనుకున్నా."

అప్పుడు గుర్తొచ్చింది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, పక్కింటి పిల్లలు మన నెట్ వాడేస్తున్నారని రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ పెట్టింది నేనే. ప్రతి పరికరానికీ పన్నెండు అక్షరాల మ్యాక్ అడ్రస్ ఉంటుంది. జాబితాలో అది లేకపోతే, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా రూటర్ రానివ్వదు. అమ్మ ఫోన్, నాయన ఫోన్, టీవీ: మూడు రాసి విమానం ఎక్కేశాను. పోనీ అదేమైనా గట్టి కాపలానా అంటే కాదు. ఆ అడ్రస్ గాలిలో దాపరికం లేకుండానే తిరుగుతుంది, తెలిసినవాడు కాపీ కొట్టేస్తాడు. పక్కింటి పిల్లలకి పాస్‌వర్డ్ మారిస్తే సరిపోయేది.

నాయన ఫోన్‌లో రూటర్ సెట్టింగుల పేజీ (192.168.1.1) తెరిపించి ఫిల్టర్ తీయించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులోకి వెళ్లే పాస్‌వర్డ్ కూడా నేను మార్చిందే. అది డాలస్‌లో, నా ఫోన్‌లో ఉంది.

మనలో చాలామందిమి ఊరెళ్లి ఇదే చేస్తాం. రెండు వారాల్లో ఇల్లంతా సర్ది, తాళం చెవులు జేబులో వేసుకొని వచ్చేస్తాం. తర్వాత "అది నొక్కు, ఇది నొక్కు" అని ఫోన్‌లో అరుస్తాం. ఎందుకు నొక్కాలో చెప్పం. ఫోన్‌లో గొంతు ఏది చెబితే అది నొక్కడం పెద్దవాళ్లకి అలవాటు చేసి, తర్వాత సైబర్ దొంగల మాట ఎందుకు విన్నారని మళ్లీ వాళ్లనే తిడతాం. ఇంట్లో మనం ఏం మార్చామో, దాన్ని ఎట్లా తీయాలో తెలుగులో రాసి అక్కడే పెట్టకుండా విమానం ఎక్కకూడదని నా అభిప్రాయం.

మా నాయన ముప్పై ఏళ్లు రైసుమిల్లులో గుమాస్తా. గోడౌన్ తాళం ఎవరి చేతికి ఏ పూట ఇచ్చిందీ పుస్తకంలో రాసేవాడు. ఫిల్టర్ తీసిన రోజు ఆ పాత అలవాటుతోనే ఒక నోటుబుక్ తెరిచాడు. వైఫై పేరు, రెండు పాస్‌వర్డ్‌లు, కేబుల్ కుర్రాడి నంబర్ రాసుకొని, కింద ఇంకో లైన్ చదివి వినిపించాడు: "సంక్రాంతికి అబ్బాయి వేసిన తాళం ఈ దినం తీయడమైనది."