వేలిముద్ర పడితే సమ్మతి అయిపోదు

హెచ్‌పీవీ వైరస్ తెచ్చిపెట్టే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కొత్తరకం మందులొస్తున్నాయి. యాంటీబాడీకి విషంలాంటి మందు తగిలించి క్యాన్సర్ కణానికే చేరవేయడం వీటి పద్ధతి. వాటిలో ఒకటైన టిసోటుమాబ్ వెడోటిన్‌కు అమెరికా 2021లో షరతులతో, 2024లో పూర్తిగా అనుమతిచ్చింది. 502 మందిపై జరిగిన ట్రయల్‌లో (మందు పరీక్షలో) మధ్యస్థంగా (మీడియన్) బతికిన కాలం 9.5 నెలల నుంచి 11.5 నెలలకు పెరిగింది. జబ్బు తిరగబెట్టిన మనిషికి రెండు నెలలు చిన్న సంగతి కాదు. ఈ పరిశోధన మన దాకా రావాల్సిందే.

ఎలా వస్తుందన్నదే మా భయం. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లో తెలుగో, సవరో మాట్లాడే ఆడవాళ్లు ఎందరో. ఆస్పత్రి కాగితం ఒడియాలో ఉంటుంది, ట్రయల్ వివరాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. రిపోర్టులు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని విశాఖ రైలెక్కే మనిషిని ‘ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా’ అంటే వేసేస్తుంది. వెయ్యకపోతే వైద్యం ఆపేస్తారేమోనని టెన్షన్. ఈ మందుతో కళ్లకు ముప్పుంది. మొదట్లో ప్రతి డోసుకు ముందూ కంటి పరీక్ష చేయాలి. చూపు మసకబారితే వెంటనే చెప్పాలన్న ముక్క ఆమెకు అర్థమయ్యే మాటలో ఎవరు చెబుతారు?

ఖమ్మంలో జరిగింది మరిచిపోయామా? 2009లో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పేరిట దాదాపు 14 వేల మంది బాలికలకు సూదులేశారు. వారిలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. విచారణ కమిటీ చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద ఉన్నవి వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్నలవి కావు! ఆ తర్వాత కొందరు బాలికలు చనిపోయారు; ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణలో తేల్చారు. టీకా మంచిదే, ఆడపిల్లలకు వేయించమనే మేమూ చెబుతాం. అడగకుండా వేయడమే ఘోరం. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కడిగేసింది కూడా దాన్నే. ఇప్పుడు సరిహద్దు జిల్లాల్లో మళ్లీ అదే దారి తొక్కితే ఖమ్మం ఒక ఆనవాయితీ అయి కూర్చుంటుంది.

ఇన్ని పట్టింపులు పెడితే ట్రయల్సే రావనేవారున్నారు. మేం కొత్తగా అడుగుతున్నదేమీ లేదు. రోగికి తెలిసిన భాషలో చెప్పాలని, బలహీనులపై కొత్త మందు పరీక్షిస్తే సమ్మతిని వీడియో తీయాలని 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోనే ఉంది. ట్రయల్‌లో పనిచేసిన మందును, ట్రయల్ మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే తర్వాతా ఉచితంగా ఇచ్చే వీలు కూడా వాటిలోనే ఉంది. కాగితం మీది ఆ మాట పర్లాకిమిడి దాకా రాకపోతే అది మరో ఖమ్మమే.

ఎథిక్స్ కమిటీల్లో కూర్చున్న పెద్దలారా, సమ్మతి పత్రంపై ముద్ర కొట్టే ముందు దాన్ని తెలుగులో, సవరలో చదివించండి. నీకేం అర్థమైందో చెప్పమ్మా అని ఆ తల్లిని అడగండి. అడిగే తీరిక లేకపోతే ఆ కుర్చీలు ఖాళీ చేయండి.