బడులు కలిపే ముందు ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి

2024లో ప్రకాశం జిల్లాలో ఒక ఎంపీపీ (మండల పరిషత్ ప్రాథమిక) స్కూలుకు వెళ్లాను. పదిహేడు మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక టీచర్. నల్లబోర్డు మీద సుద్దముక్కతో రెండు నిలువు గీతలు గీసి మూడు ముక్కలు చేసుకున్నారు ఆవిడ. ఎడమవైపు ఒకటి, రెండు తరగతులకు గుణింతాలు, మధ్యలో మూడో తరగతికి తీసివేతలు, కుడివైపు నాలుగు, ఐదు తరగతులకు ఏదో ఇంగ్లీషు పాఠం. మూడో తరగతి లెక్క సగంలో ఉండగా ఫోన్ మోగింది, మండల ఆఫీసుకు ఏవో వివరాలు మధ్యాహ్నం లోపు కావాలట. ఆవిడ రిజిస్టర్ తీసుకుని వరండాలోకి వెళ్లగానే నాలుగో తరగతి అమ్మాయి ఒకతె లేచి, ఎవరూ చెప్పకుండానే, చిన్నపిల్లల పక్కన కూర్చుని పలకలు దిద్దడం మొదలుపెట్టింది. అలవాటైన పని అని చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ అరగంటలో ఆ అమ్మాయి నేర్చుకోవాల్సిన పాఠం ఏమైనట్టు?

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. బడుల విలీనం అనగానే మనలో చాలామంది ఒక్కసారిగా రెండు జట్లుగా విడిపోతాం. ఊరి బడి మూసేస్తున్నారు, అన్యాయం అని ఒక జట్టు. పదిమంది పిల్లలకు ఒక బిల్డింగు, ఒక జీతం దండగ అని ఇంకో జట్టు. ఆ పదిహేడు మంది మధ్య గంటసేపు కూర్చుంటే ఈ రెండు మాటలూ నోటికి రావు. ఆ బడిని ఉన్నది ఉన్నట్టు అలాగే వదిలేయడం ఆ పిల్లలకు మేలు కాదు. అలాగని ఆఫీసులో మ్యాపు ముందు కూర్చుని తీసుకుపోయి ఇంకో బడిలో కలిపేస్తే మేలు జరుగుతుందా అంటే, జరగలేదని మన దగ్గరే రుజువైంది.

లెక్కలు ఒకసారి చూద్దాం. కేంద్రం విడుదల చేసిన 2024-25 యూడైస్ (దేశంలోని బడుల వివరాలను ఏటా సేకరించే వ్యవస్థ) లెక్కల ప్రకారం దేశంలో ఒకే టీచర్‌తో నడుస్తున్న బడులు 1,04,125. అందులో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, 12,912. తెలంగాణది ఇంకో కథ. ఒక్క విద్యార్థి కూడా లేని బడులు దేశం మొత్తం మీద 7,993 ఉంటే, పశ్చిమ బెంగాల్ తర్వాత ఎక్కువ తెలంగాణలోనే, 2,245. ఒకచోట పిల్లలున్నారు, టీచర్లు చాలరు. ఇంకోచోట బడి ఉంది, పిల్లలే లేరు. విద్యాహక్కు చట్టం ప్రకారమైతే అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలి. అంటే ఏకోపాధ్యాయ పాఠశాల అన్నదే చట్టం ఒప్పుకోని వస్తువు. అయినా లక్ష దాటాయి.

ఏపీకి ఆ పెద్ద సంఖ్య ఎలా వచ్చిందో కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే పాఠం మొత్తం అక్కడే ఉంది. 2022 జూన్‌లో అప్పటి ప్రభుత్వం జీవో 117 ఇచ్చింది. జాతీయ విద్యా విధానంలోని 5+3+3+4 పద్ధతికి (చదువును ఐదు, మూడు, మూడు, నాలుగేళ్ల దశలుగా విడగొట్టడం, మొదటి దశ రెండో తరగతితో ముగుస్తుంది) తగ్గట్టు బడులను ఆరు రకాలుగా విడగొట్టి, ప్రాథమిక పాఠశాలల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న హైస్కూలుకు మ్యాప్ చేశారు. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు చెబుతారు అన్నది అప్పుడు చెప్పిన కారణం. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను, పేదపిల్లాడికి లెక్కలు చెప్పడానికి లెక్కల టీచరే ఉండటం మంచిదే. కానీ బడిని రెండో తరగతి దగ్గర కోసేశారు. ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగిలిన బడిలో పిల్లలు పదీ పదిహేను మందికి మించరు, ముప్పై మంది లోపు ఉంటే ఒక్క టీచర్ చాలన్నారు. ఇంకేముంది, ఏకోపాధ్యాయ పాఠశాలలు పుట్టుకొచ్చాయి.

ఇంకో దెబ్బ ఏ లెక్కలోనూ కనపడదు. అదే పెద్ద దెబ్బ అని నా నమ్మకం. మన ఊళ్లలో చిన్నపిల్లాడు బడికి ఎవరితో వెళతాడు? అక్కతోనో అన్నతోనో. నాలుగో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకెళుతుంది, భోజనం దగ్గర పక్కన కూర్చోబెట్టుకుంటుంది, సాయంత్రం ఇంటికి తీసుకొస్తుంది. తల్లి పొద్దున్నే కూలికి వెళ్లగలిగేది ఆ చెయ్యి ఉందన్న ధైర్యంతోనే. బడిని రెండో తరగతి దగ్గర కోసినప్పుడు ఆ చెయ్యి కూడా విడిపోయింది. హైవే పక్కన ఉన్న ఒక ఊళ్లో పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే ఒకామె నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "పెద్దదాన్ని రోడ్డు దాటించి అటు పంపి, చిన్నోణ్ణి ఇటు దింపి, నేను పనికి ఎట్టా పోయేది సార్? ఇద్దర్నీ వ్యాను ఎక్కిచ్చేసినా." ఆమెకు ప్రైవేటు బడి మీద మోజు లేదు, అక్కడ చదువు బాగుంటుందని కూడా అనలేదు. వ్యాను గుమ్మం ముందుకొస్తుంది, ఇద్దరూ ఒకేచోట దిగుతారు, అంతే. ఒక బడిని కలిపినందుకు ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలూ ప్రభుత్వ లెక్కలోంచి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది అవతల ఆఫీసులో ఎవరో అదే ఊరి స్ట్రెంత్ చూసి, ఇంకా తగ్గింది, ఇంకా కలపాలి అని రాసుకుంటారు.

కిలోమీటరు అన్నది కాగితం మీద చిన్న మాట. నేను చూసిన ఆ ఊళ్లో హైస్కూలు దూరం కిలోమీటరు లోపే. కానీ మధ్యలో హైవే. లారీలు ఆగవు. సర్వీసు రోడ్డు మీద ఎదురొచ్చే బైకులు, అండర్‌పాస్‌లో వానొస్తే మోకాలి లోతు నీళ్లు. పెద్దవాణ్ణి నేను దాటడానికే రెండు నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. ఏడేళ్ల పిల్ల ఆ రోడ్డు దాటాలి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇంకో ఊళ్లో హైవే ఉండదు, వాగు ఉంటుంది. ఎండాకాలంలో సర్వే చేసినవాడికి అది వాగని కూడా తెలియదు. ఆ నిర్ణయం మీద సంతకం పెట్టే అధికారి పిల్ల వెళ్లే టైముకే, పిల్ల వెళ్లే దారిలోనే ఒక్కసారి నడవాలి, ఆ తర్వాతే ఫైలు కదలాలి అన్న నిబంధన పెడితే సగం గొడవలు రావు. దానికి పైసా ఖర్చు లేదు.

2022 జులైలో తల్లిదండ్రులు గేట్లకు తాళాలు వేశారు, రోడ్ల మీద కూర్చున్నారు. ప్రభుత్వం మారింది, 2025లో జీవో 117 రద్దయింది, మూడు నుంచి ఐదు తరగతులు మళ్లీ ప్రాథమిక బడికి రావడం మొదలైంది. తరగతికొక టీచర్ ఉండేలా తొమ్మిది వేలకు పైగా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. ఈ ఆలోచన నాకు నచ్చింది, గట్టిగానే నచ్చింది. ఐదు తరగతులకు ఐదుగురు టీచర్లు ఉండటం అన్నది మన పల్లెటూరి బడికి కలలాంటి మాట, బోర్డు మీద గీతలు గీసుకునే పని తప్పుతుంది. కానీ ఆ స్ట్రెంత్ రావాలంటే పక్క ఊరి బడి నుంచి పెద్ద తరగతులను తీసుకురావాలి కదా. అది జరిగినచోట మళ్లీ అదే కథ, ఒకటి, రెండు తరగతులు ఇక్కడ, మిగతావి అక్కడ. ఆ జూన్‌లో కూడా కొన్ని ఊళ్లలో తల్లిదండ్రులు గేటు ముందు నిలబడ్డారు. పార్టీ మారినా ఊరికి టెన్షన్ తప్పలేదంటే, ఇబ్బంది ఏ ఒక్క పార్టీదో కాదని ఒప్పుకోవాలి. బడి ఎక్కడుండాలో తేల్చే పద్ధతే మారలేదు. సంఖ్య పైనుంచి వస్తుంది, ఊరికి కబురు చివర్లో వస్తుంది.

అసలు సీట్లు ఎందుకు మిగులుతున్నాయి? రెండు కారణాలున్నాయి, రెండిటినీ కలిపేసి మాట్లాడటం వల్లే తప్పుడు మందు వేస్తున్నాం. ఒకటి, పిల్లలు నిజంగానే తక్కువ పుడుతున్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సంతాన రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 ఉండాలంటారు. కాబట్టి కొన్ని ఊళ్లలో బడి చిన్నదవడం ఎవరి తప్పూ కాదు, ఎంత మంచి టీచర్‌ను వేసినా పుట్టని పిల్లలు రారు. రెండోది, ఉన్న పిల్లలు వెళ్లిపోవడం. తెలంగాణలో ఒక ఊరి సెంటర్లో పొద్దున ఎనిమిదింటికి టీ తాగుతూ నిలబడ్డాను, ఇరవై నిమిషాల్లో మూడు పసుపు వ్యాన్లు వచ్చి వెళ్లాయి. ఆ ఊరి ప్రభుత్వ బడి ఆ సెంటరుకు ఎదురుగానే ఉంది.

ఆ వ్యానెక్కేవాళ్లలో సగం మంది ఇంకా ఒకటో తరగతికి కూడా రాని వాళ్లు. ఎల్‌కేజీ, యూకేజీ. మూడేళ్లు నిండగానే ప్రైవేటు బడి టై, బెల్టు, ఏబీసీడీలతో పిల్లాణ్ణి పట్టుకుంటుంది. మన ప్రభుత్వ బడి మాత్రం చాలాచోట్ల ఒకటో తరగతి దాకా ఆగుతుంది. అప్పటికి ఆ పిల్లాడికి అక్కడ స్నేహితులుంటారు, డైరీ ఉంటుంది, అమ్మకు వాట్సాప్ గ్రూపు ఉంటుంది, ఇంక వెనక్కి ఎందుకొస్తాడు? అంగన్‌వాడీ ఉందిగా అంటారు, ఉంది, కానీ ఆ టీచర్ మీద పోషకాహారం పంపిణీ నుంచి సర్వేల దాకా ఎంత బరువు పెట్టామో అందరికీ తెలుసు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఏపీలో పిల్లల్ని చదివించే తల్లులకు డబ్బిచ్చే పథకం, అప్పటి అమ్మఒడి అయినా, ఇప్పటి తల్లికి వందనం అయినా ప్రైవేటు బడిలో చదివే పేదపిల్లల తల్లులకూ వర్తిస్తుంది. ఆ తల్లికి సాయం అందడాన్ని నేను వద్దనను. కానీ ఆ డబ్బు ఎక్కడైనా ఒకటే అయినప్పుడు తేడా చూపించేది బడి మాత్రమే. ఆ బడిని ఏటా అటూ ఇటూ కదుపుతూ ఉంటే ఏ తల్లి నమ్ముతుంది?

కలపడం అన్నిచోట్లా చెడ్డది కాదు. మధ్యప్రదేశ్‌లో ఒకే ప్రాంగణంలో వేర్వేరుగా నడుస్తున్న దాదాపు 35 వేల బడులను 16 వేల బడులుగా మార్చారు. ఒకే కాంపౌండులో ప్రాథమిక బడి, దాని పక్కనే ఉన్నత బడి, ఇద్దరు హెడ్మాస్టర్లు, రెండు రిజిస్టర్లు ఉండేవి, వాటిని ఒకటి చేశారు. ఏ పిల్లా అదనంగా ఒక్క అడుగు నడవాల్సిన పని లేదు. అలాంటి కాంపౌండ్లు మన దగ్గరా ఉన్నాయి, ముందు వాటితో మొదలుపెడితే ఎవరు అడ్డుకుంటారు? అదే ఉత్తరప్రదేశ్‌లో 2025లో 50 మంది లోపు ఉన్న బడులను పక్క బడులతో జత చేయబోతే వ్యవహారం హైకోర్టు దాకా పోయింది.

జాతీయ విద్యా విధానం పేరు చెప్పి పిల్లలను కదిపారు గానీ, అందులోనే చిన్న బడుల కోసం రాసిన ఇంకో మార్గాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఒక హైస్కూలు, దాని చుట్టూ ఐదు నుంచి పది కిలోమీటర్ల లోపు ఉన్న ప్రాథమిక బడులు, అంగన్‌వాడీలు కలిసి ఒక స్కూల్ కాంప్లెక్స్. ఈ ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పిందే. మన దగ్గర కాంప్లెక్స్ అంటే మీటింగు అన్న అర్థమే మిగిలింది. నిజంగా నడిపితే ఆటల టీచర్, బొమ్మల టీచర్, ఇంగ్లీషు బాగా చెప్పే టీచర్ వారానికి ఇన్ని రోజులని నాలుగు బడులు తిరగొచ్చు. ఒక టీచర్ సెలవు పెడితే కాంప్లెక్స్ నుంచి ఇంకొకరు ఆ పొద్దుకే రావచ్చు. టీచర్‌కు బండి ఉంటుంది, పెట్రోలు ఖర్చు ఇవ్వొచ్చు. ఏడేళ్ల పిల్లకు బండి లేదు.

ఇంత చెప్పినా కొన్ని ఊళ్లలో పిల్లలను కదపక తప్పదు, ఐదుగురు పిల్లలున్న బడిలో ఆడుకోవడానికి కూడా జత దొరకదు. అక్కడ మొదట రావాల్సింది బండి. ఇప్పుడు దూరంగా వెళ్లే పిల్లలకు సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏడాదికి 6 వేల రూపాయల వరకు రవాణా భత్యం ఇస్తారు, ఖాతాలో ఎప్పుడో పడుతుంది. ఆటోవాడికి మాత్రం డబ్బులు జూన్ నెలాఖరుకే ఇవ్వాలి. ఆ భత్యాన్ని ఇంటింటికీ చీల్చి ఇవ్వకుండా ఊరికొక ఆటోను ప్రభుత్వమే మాట్లాడి, బడి తెరిచిన మొదటి రోజే గుమ్మం ముందు ఆపాలి. ఆటో రాని ఊళ్లో బడి కదలకూడదు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరూ ఒకే బడికి వెళ్లాలి, ఒకటో తరగతి అయినా ఐదో తరగతి అయినా సరే. ఐదు తరగతులూ ఇక్కడైనా ఉండాలి, అక్కడైనా ఉండాలి, మధ్యలో కోయడం ఆపాలి. పేరెంట్స్ కమిటీ తీర్మానం కూడా నిజంగా సభ పెట్టి తీసుకోవాలి, కూలికెళ్లేవాళ్లు ఇంట్లో ఉండే రాత్రి ఏడింటికి పెట్టాలి, పదకొండింటికి పెట్టి రిజిస్టర్‌లో సంతకాలు సేకరించడం కాదు.

ఖాళీ అయిన బిల్డింగు సంగతి ఎవరూ మాట్లాడరు. నాడు-నేడు, మన ఊరు-మన బడి కింద రంగులు వేసి, బాత్రూములు కట్టి, ఫ్యాన్లు పెట్టిన గదులున్నాయి వాటిలో. మరోపక్క అద్దె ఇళ్లలో, చీకటి గదుల్లో నడుస్తున్న అంగన్‌వాడీలున్నాయి. ఆ గదుల్లోకి వాటిని తెచ్చి, ఎల్‌కేజీ, యూకేజీ చెప్పడానికి విడిగా ఒక టీచర్‌ను ఇస్తే, మూడేళ్ల పిల్లాడు పొద్దున్నే పసుపు వ్యాను కోసం నిలబడక్కర్లేదు. నాలుగేళ్ల తర్వాత ఆ ఊళ్లో ఒకటో తరగతికి ఎంతమంది వస్తారో అప్పుడు లెక్కపెట్టి, బడి ఉంచాలా కలపాలా తేల్చవచ్చు.

ప్రకాశం జిల్లాలో నేను చూసిన ఆ బడికి ఆ మధ్య ఫోన్ చేశాను. రెండో టీచర్ వచ్చారట. బోర్డు మీద ఇప్పుడు ఒక గీతే ఉందని చెప్పారు ఆవిడ.