ముఖం చూసి నొప్పి చెప్పేయగలమా?

"ముఖం చూస్తే నొప్పి తెలిసిపోతుంది" అని నొప్పి గురించిన ఒక వ్యాసంలో రాశారు. కొంతవరకు నిజమే. కనుబొమలు దగ్గరగా ముడిపడతాయి, కళ్లు బిగుసుకుంటాయి, పై పెదవి లేస్తుంది. కానీ అసలు నొప్పా, నటనా అంటే మాత్రం మనం తేల్చలేం. 2014లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన పరిశోధనలో, ఐసు నీళ్లలో చెయ్యి పెట్టి నిజంగా బాధపడ్డవాళ్లవీ, గోరువెచ్చని నీళ్లలో పెట్టి నటించినవాళ్లవీ వీడియోలు చూపించారు. జనం చెప్పింది బొమ్మా బొరుసూ వేసినట్టే! శిక్షణ ఇచ్చాక కూడా 55 శాతమే సరిగ్గా చెప్పారు. కంప్యూటర్ 85 శాతం పట్టేసింది. దానికి బాగా పనికొచ్చిన ఆనవాలు నోరు: నటించేవాళ్లు మరీ ఒకే లయలో తెరుస్తారట. మతిమరుపు ముదిరి, నోటితో చెప్పుకోలేని పెద్దవాళ్ల విషయంలో నర్సులకు ముఖమే పెద్ద ఆధారం. ఆ వ్యాసంలో దాని గురించి కూడా రాయాల్సింది. ఇక "ఏం లేదులేరా" అంటూ పళ్ల బిగువున ఓర్చుకునే మన అమ్మమ్మల దగ్గర ఏ కంప్యూటర్ పనిచేస్తుందో చూడాలి!