చాంబర్‌లోకి పంపేముందు కాలు చూడండి

షుగర్ ముదిరి పాదాల్లో స్పర్శ పోయిన మనిషికి తుమ్మముల్లు దిగినా తెలియదు. ఉదయగిరి, కనిగిరి మెట్ట చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగేవారికి ఇది కొత్త సంగతి కాదు. చీము పట్టి, వేలు నల్లబడి, ‘తీసేయాలి’ అని డాక్టరు అన్నాక ఇంట్లో ఎవరో ఒకరు కబురు తెస్తారు: ఆక్సిజన్ చాంబర్‌లో పడుకోబెడితే కాలు దక్కుతుందట, ముప్పై సిట్టింగులట. ఒత్తిడి పెంచిన చాంబర్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించే ఈ వైద్యం, హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ, బూటకం కాదు. అలాగని ప్రతి పుండుకూ మందూ కాదు. ఏ కాలికి పనికొస్తుందో తేల్చే పరీక్షలు చాంబర్ ఖర్చుతో పోలిస్తే చవక. మన దగ్గర తరచూ ఎగిరిపోయేవి ఆ పరీక్షలే.

గోలీసోడా తెలిసినవారికి ఈ వైద్యం సగం తెలిసినట్టే. ఒత్తిడి పెంచితే గ్యాసు నీళ్లలో ఎక్కువగా కరుగుతుంది. మామూలు గాలి పీల్చినా హిమోగ్లోబిన్ సుమారు 97 శాతం నిండే ఉంటుంది కాబట్టి, మాస్కు పెట్టి ఇంకా ఆక్సిజన్ ఇచ్చినా ఎర్రకణాలు మోసేది పెద్దగా పెరగదు. పెరిగేది ప్లాస్మాలో కరిగే వాటా. అది 100 మిల్లీలీటర్ల రక్తానికి మామూలుగా 0.3 మిల్లీలీటర్లు. మూడు వాతావరణాల ఒత్తిడిలో, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి మూడింతల్లో, స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే 6 మిల్లీలీటర్ల దగ్గరికి వెళ్తుంది. కదలకుండా పడుకున్న శరీరానికి అదే చాలు. 1960లో ఆమ్‌స్టర్‌డాంలో బోరెమా బృందం ఎర్రకణాలు దాదాపు లేకుండా చేసిన పందులను ఇలాగే బతికించి చూపింది. వాపుతో నలిగిన సన్నటి నాళాల్లో ఎర్రకణం దూరలేని చోటికీ ప్లాస్మా చేరుతుంది. తెల్లకణాలకు సూక్ష్మజీవులను చంపే శక్తి వస్తుంది, కొత్త నాళాలు మొలకెత్తుతాయి. ఆ మొలకలకు వారాలు పడుతుంది కనుకే వారానికి ఐదు చొప్పున 20 నుంచి 40 సిట్టింగులు.

అయితే సోమశిల జలాశయంలో ఎంత నీరున్నా ప్రధాన కాలువే పూడిపోతే చివరి మడి తడవదు. తొడలోనో పిక్కలోనో పెద్ద ధమని మూసుకుపోయిన కాలికి ముందు కావలసింది యాంజియోప్లాస్టీ లేదా బైపాస్. అందుకే మొదట నాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ పరీక్ష చేయించాలి. షుగర్ రోగుల ధమనులు సున్నం పట్టి గట్టిపడతాయి కాబట్టి చీలమండ దగ్గర తీసే బీపీ అంకె బాగున్నట్టు భ్రమపెడుతుంది. కాలివేలి దగ్గర కూడా కొలవాలి. పుండు పక్కన చర్మంపై ఎలక్ట్రోడు అంటించి ఆక్సిజన్ కొలిచే పరీక్ష ఇంకా నేరుగా చెప్తుంది. గది గాలిలో 40 (పాదరస మిల్లీమీటర్లలో) లోపు ఉన్న అంకె చాంబర్‌లో 200 దాటితే ఆ కాలు స్పందించే అవకాశం ఎక్కువ. కదలకపోతే ముప్పై సిట్టింగులూ దండగే కావచ్చు.

పరిశోధనలూ ఒకే మాట చెప్పలేదు. 2010లో వెలువడిన, స్వీడన్‌లో 94 మందిపై జరిగిన అధ్యయనంలో ఏడాదికి పుండు మానినవారు చాంబర్‌లో ఆక్సిజన్ పీల్చిన వర్గంలో 52 శాతం, ఉత్త ఒత్తిడి గాలి పీల్చిన వర్గంలో 29 శాతం. 2016లో కెనడా, 2018లో నెదర్లాండ్స్ అధ్యయనాలు స్పష్టమైన తేడా చూపలేకపోయాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ అయితే పుండు లోతుగా ఎముకదాకా, చీముగడ్డదాకా వెళ్లి, 30 రోజులు సరైన చికిత్స చేసినా మానే జాడ లేనప్పుడే డబ్బు కడుతుంది. సరైన చికిత్స అంటే చచ్చిన కండ తీసేయడం, షుగర్ అదుపు, ఇన్ఫెక్షన్‌కు మందు, పుండు మీద బరువు పడకుండా కట్టు లేదా ప్రత్యేక చెప్పు. చుట్ట, బీడీ మానడం కూడా అందులోదే. పొగాకు పండించే సీమలో ఈ మాట చెప్పడం కష్టమే, కానీ నికోటిన్ నాళాలను బిగించేస్తుంటే చాంబర్ చేసేది సగమే.

గంటలు లెక్కపెట్టుకోవలసిన జబ్బులు వేరే ఉన్నాయి. రొయ్యల చెరువుల దగ్గర డీజిల్ జనరేటరు పక్క గదిలో తలుపులు మూసుకుని పడుకునేవారున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటే మామూలు గాలిలో సగం వదలడానికి ఐదు గంటలు, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే గంటన్నర, మూడు వాతావరణాల చాంబర్‌లో 23 నిమిషాలు. ముందు మనిషిని గాలిలోకి లాగి, ఆ క్షణం నుంచే ఆక్సిజన్ పెట్టాలి. స్పృహ తప్పినవారిని, గర్భిణులను చాంబర్ ఉన్న చోటికి పంపాలా అన్నది ఆ తర్వాత వెంటనే తేల్చాల్సిన విషయం. లోతు నుంచి గబగబా పైకొచ్చిన డైవర్ల కీళ్లనొప్పులకు, పక్షవాతానికి అసలు చికిత్స ఇదే. ఒత్తిడి ఒంట్లో ఏర్పడ్డ నైట్రోజన్ బుడగలను కుదిస్తుంది, ఆక్సిజన్ ఆ నైట్రోజన్‌ను బయటికి తోస్తుంది.

ఇక లోపల జరిగేది. ఒక్కరు పడుకునే పారదర్శక గొట్టం ఒక రకం, పలువురు కూర్చుని మాస్కుతోనో హుడ్‌తోనో ఆక్సిజన్ పీల్చే గది మరో రకం. మొదటి పది పదిహేను నిమిషాలు ఒత్తిడి పెరుగుతుంది, కాస్త వేడిగా ఉంటుంది. తిరుమల ఘాటు దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేసినట్టే ఉంటుంది, కాకపోతే చాలా గట్టిగా. 2.4 వాతావరణాలంటే 14 మీటర్ల నీటి లోతున ఉన్నట్టే. గుటక మింగాలి, ఆవులించాలి, ముక్కు మూసి మెల్లగా ఊదాలి. నొప్పి మొదలవగానే చెయ్యెత్తాలి, ఓర్చుకుంటే కర్ణభేరికి దెబ్బ. జలుబున్న రోజు సిట్టింగు మానుకోవడమే మేలు. తర్వాత దాదాపు 90 నిమిషాలు పీల్చడం, మధ్యమధ్య ఐదేసి నిమిషాలు మామూలు గాలి. ఒత్తిడి తగ్గించేటప్పుడు చలేస్తుంది. అప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తి చిట్లే ప్రమాదముంది.

చాంబర్‌లో షుగర్ పడిపోవచ్చు, కాబట్టి ఖాళీ కడుపుతో వెళ్లకూడదు, ప్రతిసారీ ముందు రక్తం చూపించుకోవాలి. గొట్టంలో ఉన్న మనిషికి గ్లూకోజు అందించాలంటే ఒత్తిడి దించాకే. కొన్ని వేల సిట్టింగుల్లో ఒకసారి ఆక్సిజన్ ఎక్కువై ఫిట్స్ వస్తాయి. గాలికి మారిస్తే ఆగుతాయి. ఇరవై సిట్టింగులు దాటాక దూరపు చూపు మసకబారొచ్చు. కొన్ని వారాల్లో తిరిగొస్తుంది, ఈలోగా కొత్త కళ్లజోడు కొనకండి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి చికిత్స కాని రోగిని మాత్రం లోపలికి పంపనే కూడదు. అందుకే ఛాతీ ఎక్స్‌రే లేకుండా సిట్టింగు మొదలుపెట్టేచోట ఆగి ప్రశ్నించాలి.

అన్నిటికంటే భయపడాల్సింది నిప్పుకు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో నిప్పురవ్వ చాలు. 1997లో ఇటలీలోని మిలాన్‌లో ఒక రోగి వెంట తీసుకెళ్లిన చేతులు వెచ్చబెట్టుకునే పరికరం నుంచి మంటలు లేచి 11 మంది చనిపోయారు. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో ఐదేళ్ల బాలుడు చాంబర్‌లోనే కాలిపోయాడు. కాబట్టి కేంద్రం ఇచ్చిన నూలు బట్టలే కట్టుకోవాలి. తలకు కొబ్బరినూనె, సెంటు, బామ్, ఫోను, వాచీ, చెవి మిషను, సింథటిక్ చీర ఏవీ లోపలికి వెళ్లకూడదు. మొలతాడు, తాయెత్తు తీయమంటే నొచ్చుకోవద్దు, ఎక్కడ ఏ లోహం, ఏ దారం ఉందో ఎవరికీ తెలియదు. ఒంటి గొట్టంలో మణికట్టుకు ఎర్తింగ్ తీగ కడతారు. కట్టకపోతే అడగాలి.

ఈ మధ్య జిప్పుతో మూసే గుడ్డ సంచీల్లాంటి చాంబర్లకు ప్రకటనలు కనిపిస్తున్నాయి. అవి సాధారణంగా 1.3 వాతావరణాలకు మించవు. అందులో మామూలు గాలి పీలిస్తే సముద్రమట్టంలో 27 శాతం ఆక్సిజన్ పీల్చినట్టే, అంతకన్నా ఎక్కువ ముక్కుకు పెట్టే చవక గొట్టమే ఇస్తుంది. ఆటిజం, క్యాన్సర్ పేరుతో అమ్మేవారిని నమ్మొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది.

నగరానికి వెళ్లి ఆరు వారాలు గది అద్దెకు తీసుకుని ఉండాల్సిన కుటుంబానికి ఫీజు ఒక్కటే ఖర్చు కాదు, తోడు వచ్చినవారి కూలి కూడా పోతుంది. కనుక జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారులను మేము అడిగేది రెండే. 2002 నాటి రాష్ట్ర చట్టం కింద ప్రైవేటు కేంద్రాల రిజిస్ట్రేషన్ చూసేటప్పుడు చాంబర్ ఉన్నచోట ఒత్తిడి పరీక్ష పత్రం, అగ్నిమాపక ఏర్పాట్లు, శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉన్నారో లేదో కూడా చూడాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో వారానికొక రోజైనా పాదాల క్లినిక్ నడపాలి. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారంతో స్పర్శ పరీక్ష, చేతి డాప్లర్, చచ్చిన కండ తీసే సర్జన్, పుండు బరువు తప్పించే చెప్పులు చేసేవాడు, ఈ నాలుగూ ఒక గదిలో ఉంటే చాలు. తర్వాత ఎవరికైనా చాంబర్ అవసరమనిపిస్తే ఆ చీటీ క్లినిక్ వారే రాసి పంపుతారు.