సవరణ: పోయింది 497 సెక్షన్, విడాకుల హక్కు కాదు

మొన్నటి పోస్టులో "2018 తీర్పు తర్వాత వివాహేతర సంబంధం మీద కోర్టుకెళ్లి లాభం లేదు" అని రాశాను. అది తప్పు, తొందరపడ్డాను.

2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసింది వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 497 సెక్షన్‌ను. అంటే ఇప్పుడు దీనికి జైలు శిక్ష లేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరాన్ని మళ్లీ చేర్చలేదు. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ అలాగే ఉంది. పెళ్లయ్యాక భార్య గానీ భర్త గానీ ఇష్టపూర్వకంగా ఇంకొకరితో శారీరక సంబంధం పెట్టుకుంటే రెండోవారు విడాకులు అడగొచ్చు.

పాత 497లో ఈ సమానత్వమే లేదు. శిక్ష ఇంకొకరి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడికే. భర్త దారి తప్పితే ఆ సెక్షన్ కింద భార్య ఫిర్యాదు చేసే వీలే లేదు. పైగా భర్త ఒప్పుకుంటే నేరమే కాదట! భార్యను ఆస్తిలా చూడటం కాక ఇదేమిటి?

ఇంకోటి, సైన్యంలో క్రమశిక్షణ చర్యలకు ఆ తీర్పు అడ్డు కాదని 2023లో సుప్రీంకోర్టే చెప్పింది.

పాత వాక్యం తీసేశాను. అది చదివి ఆగిపోయినవాళ్లు ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే లాయరును ఒకసారి కలవండి.